నాన్న నడక, అత్త లారీ

ఆ వేసవి మొత్తం మా ఇంట్లో ఒక లారీ అడ్డంగా నిలబడి ఉంది. కంటికి కనిపించే లారీ కాదు. అరవై ఏళ్ల కిందట నడిచిందో లేదో ఎవరూ తేల్చలేని లారీ. అన్నం దగ్గరికి వెళ్లాలన్నా, పనిలోకి దిగాలన్నా దాన్ని తప్పుకునే వెళ్లాలి. నాకు తలప్రాణం తోకకొచ్చేది.

మా అక్క చెక్క మీద బొమ్మలు చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీస్తుంది. నవలలు కూడా రాస్తుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి మానేస్తే పిల్ల కాస్త వేళకి తింటుందని నాన్న సణిగేవాడు. సణుగుతూనే ఆమెకి కావలసిన పలకలన్నీ తనే చిత్రిక పట్టి నున్నగా చేసి ఇచ్చేవాడు. నాన్న వడ్రంగి, తాతయ్యా వడ్రంగే. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది మేం ముగ్గురం. ఇంటి వెనక షెడ్డులో ఒక మూల నాన్న పనిబల్ల, ఒక మూల నా మిషన్లు, మధ్యలో అక్క ప్రెస్సు. ఆ ప్రెస్సు చక్రం తిప్పడానికి అక్క ఒక్కదాని బలం చాలదు కనుక, కళారంగానికి నా సేవ కూడా కొంత ఉంది.

ఆ ఏడు అక్క తలపెట్టిన పుస్తకం మా వాళ్లు ఈ ఊరికి ఎలా వచ్చారన్నది. ఒక పేజీ కథ, ఒక పేజీ బొమ్మ. నాన్న చిన్నతనంలో, పాత ఊళ్లో పని దొరక్క, ఇక్కడ మిల్లు కడుతున్నారని విని తాతయ్య కుటుంబంతో బయల్దేరాడు. అందరూ నడిచి వచ్చారు. ఆ నడక మాకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు అన్నం దగ్గర మొండికేస్తే నాన్న ఆ నడక చెప్పేవాడు, కొత్త చెప్పులడిగితే ఆ నడకే చెప్పేవాడు. బస్సులో బడికెళ్తానన్న రోజున మరీ వివరంగా చెప్పాడు. ముందు తాతయ్య, వెనక మూట నెత్తిన పెట్టుకుని నాయనమ్మ, అందరికంటే వెనక చెల్లెల్ని వీపున మోస్తూ ఎనిమిదేళ్ల నాన్న. అక్క ఆ వరసనే అన్నిటికంటే పెద్ద పలక మీద చెక్కింది. చలికాలమంతా దానికే పోయింది. పుస్తకం నడిమధ్యన, మడత విప్పితే రెండు పేజీల నిండా ఆ నడకే రావాలని ఆమె పట్టుదల.

ఆ మోసుకొచ్చిన చెల్లెలే మా మేనత్త. తాతయ్య, నాయనమ్మ ఎప్పుడో పోయారు. ఆ ప్రయాణం ఎరిగినవాళ్లలో మిగిలింది నాన్నా, అత్తా మాత్రమే. ఎండలు ముదరకముందే అత్త కంటి ఆపరేషనుకని మా ఇంటికి వచ్చింది. ఒక కంటికి కట్టు విప్పగానే ఇల్లంతా తిరిగి, ఇంత దుమ్ములో ఎలా బతుకుతున్నారని మా ముగ్గురికీ తలా ఒక చీవాటు పెట్టింది. ఆ ఊపులోనే షెడ్డులోకి వచ్చి, తీగ మీద ఆరేసిన అచ్చు ముందు ఆగింది.

"ఇదేంటే, మేమెందుకు నడుస్తున్నాం?" అంది.

అక్క నవ్వి, వీపు మీద ఉన్నది నువ్వే అత్తా అని చూపించింది.

"నేను వీపెక్కడమేంటి? మేం లారీలో కదా వచ్చింది. అన్నయ్య నా పక్కనే కూర్చున్నాడు."

పనిబల్ల దగ్గర చిత్రిక చప్పుడు ఆగింది. కలగన్నావా బుజ్జీ అని నాన్న అక్కణ్ణుంచే అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. అత్త కూడా నవ్వుతూనే మొదలుపెట్టింది. తిరగేసిన మంచాలు, వాటి కాళ్ల మధ్య ఇరికించిన మూటలు, మూటల మీద తను, తన పక్కన అన్నయ్య. పైన కప్పిన పట్టా గాలికి టపటపా కొట్టుకుంటుంటే తను భయపడిందట, అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడట. ఆ చేతికి రంపంపొట్టు వాసన కూడా వేసిందట.

నాన్న నవ్వు అక్కడితో సరి. లారీ లేదు, మంచాలూ లేవు, మంచాలన్నీ పాత ఊళ్లోనే వదిలేశామన్నాడు. బుజ్జి తన వీపు మీద నిద్రపోతూ చొంగ కార్చేదని, మెడంతా తడిసిపోయేదని, కాసేపు దిగి నడవవే అంటే గట్టిగా కరుచుకుపోయేదని చెప్పాడు.

చెప్పొద్దూ, నేను ఇద్దర్నీ నమ్మాను. నా చిక్కల్లా అదే. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట అతుకు కనిపిస్తుంది. వీళ్ల మాటల్లో అతుకన్నది లేదు. అత్త చెప్తుంటే లారీ కుదుపు నాకు తెలిసింది, నాన్న చెప్తుంటే తడి నా మెడకి తగిలింది.

ఆ పూట భోజనాల దగ్గర నేను పెద్దమనిషి వేషం కట్టాను. సగం దూరం లారీలో వచ్చి, లారీ చెడిపోతే మిగతా సగం నడిచి ఉంటారని తీర్పు చెప్పాను. నా వృత్తి అలాంటిది, ఏ బండి అయినా చెడిపోవడమే నాకు సహజంగా తోస్తుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి నా మీద విరుచుకుపడ్డారు. చాలా రోజుల వరకు వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

అక్క ఊరుకోలేదు. నవలలు రాసేవాళ్లకి ఊరుకోవడం చేతకాదు. ఒకరు నిద్రలో ఉన్నప్పుడు ఇంకొకర్ని కూర్చోబెట్టి, ఏ వేళకి బయల్దేరారు, దారిలో ఏం తిన్నారు, చెప్పులున్నాయా అని గుచ్చి గుచ్చి అడిగింది. నాయనమ్మ ఏం చెప్పేదని కూడా అడిగింది. ఆ ప్రయాణం ఊసెత్తితే నాయనమ్మ లేచి వెళ్లిపోయేదని నాన్న అన్నాడు. అత్తా అదే మాట అంది. అదొక్కటే కలిసింది, దాంతో ఏం చెయ్యాలో మాకు తెలియలేదు.

వాదన ముదిరి, ఒకరోజు అత్త ఒక మాట తూలింది. పెద్దవాడివయ్యావు అన్నయ్యా, జ్ఞాపకాలు తారుమారవుతున్నాయి, ఎవరికైనా చూపించుకోరాదా అంది. మామూలు గొంతుతో, మంచికే అంది. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి చెల్లెలితో మాట బంద్. ఆమెకి చెప్పాల్సినవన్నీ నాకు చెప్పేవాడు, ఆమె గదిలో ఉండగానే. కిటికీ దగ్గర కూర్చోవద్దని, కళ్లలో దుమ్ము పడుతుందని మీ అత్తకి చెప్పు. అత్త కూడా తక్కువదేం కాదు. నా కళ్లు నేను చూసుకోగలనని మీ నాన్నతో అను అల్లుడూ అనేది. ఇద్దరికీ చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, మధ్యలో నా నోరు దండగ.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. నడిస్తే ఏమిటి, లారీ ఎక్కితే ఏమిటి? చేరారా లేదా? చేరారు. ఇంత వయసొచ్చి, ఒకరికొకరు తప్ప ఎవరూ లేని అన్నాచెల్లెళ్లు ఒక లారీ కోసం మొహాలు తిప్పుకోవడమేమిటని నాకు విసుగు పుట్టేది. విసుగు కంటే ఎక్కువగా భయం వేసేది. రెండో కంటికి ఆపరేషను కాగానే అత్త వెళ్లిపోతుంది. ఇలాగే వెళ్లిపోతే వీళ్లు మళ్లీ మాట్లాడుకునేదెప్పుడు?

అక్క గతి ఇంకా అన్యాయం. పబ్లిషరు వానలకు ముందే పుస్తకం కావాలంటున్నాడు. ఎలాగూ కథే కదా, ఏదో ఒకటి కల్పించెయ్యమని నేను సలహా ఇచ్చాను.

"కల్పించడానికైనా ఏది కల్పనో నాకు తెలియాలి కదరా," అంది.

చివరికి ఒక కొత్త పలక మీద లారీ చెక్కడం మొదలుపెట్టింది. ఆ పలక దేనికని నాన్న అడిగాడు, అక్క దాచకుండా చెప్పింది. మర్నాటి నుంచి నాన్న పలకలు చెయ్యడం మానేశాడు. అక్క బజారులో కొన్న పలకలు ఆ ఎండకి వంకర్లు పోయి, ప్రెస్సు కింద సగం అచ్చు పడి సగం పడక మమ్మల్ని ఏడిపించాయి. ఇంట్లో నలుగురం ఉన్నాం, నాలుగు మూలల్లో ఉన్నాం.

ఒకరోజు పొద్దున్నే టీ తాగుతుండగా అక్క తన నిర్ణయం చెప్పింది. నడక బొమ్మ పుస్తకంలోంచి తీసేస్తోంది. ఎవరిది నిజమో తేలకుండా నడిమధ్యన అంత పెద్ద బొమ్మ పెట్టలేనంది. లారీ అయితే చిన్న బొమ్మ, ఒక పక్కన ఉంటుంది, ఎవరికీ నొప్పి ఉండదు.

"అయితే నడవలేదంటావు," అన్నాడు నాన్న.

"నడవలేదనడం లేదు నాన్నా. నాకు తెలియదంటున్నాను."

నాన్న మిగతా టీ కూడా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, షెడ్డు వైపు వెళ్లాడు. పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

ఆ రోజు నేను అత్తని రెండో కంటి ఆపరేషనుకి తీసుకెళ్లాను. అక్క కాగితం కొనడానికి బజారుకెళ్లింది. అందరం మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరాం. కొత్తగా కట్టుకట్టిన కన్నుతో అత్త గదిలోకి వెళ్లి పడుకుంది. నేను షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి నాన్న చొక్కాకంటిన పొట్టు దులుపుకుంటూ బయటికొస్తున్నాడు. లోపల అక్క స్టూలు మీద కూర్చుని ఉంది.

నడక పలక నాన్న పనిబల్లకి బిగించి ఉంది. చుట్టూ చెక్కపేళ్లు. చలికాలమంతా చెక్కిన ఆ పలక మీద, ఇంకుతో నల్లబడిన చెక్కలో, తెల్లగా పెద్ద పెద్ద గాట్లు. తాతయ్య ఉన్నచోట గాటు, నాయనమ్మ ఉన్నచోట గాటు. చెక్క పనిలో తీసెయ్యడమే గానీ మళ్లీ పెట్టడం ఉండదు. ఉలి తగలని చోటు కాగితం మీద నల్లగా పడుతుంది, తీసేసిన చోటు తెల్లగా ఉండిపోతుంది, అంతే. పుస్తకంలో వద్దన్నదానికి ఆయన పలకనే నాశనం చేశాడనుకున్నాను.

నాన్న మీద నేను గొంతు లేపడం అదే మొదలు. నీ పంతానికి అక్క కష్టమంతా పొట్టు చేశావా అన్నాను. వయసుకి తగ్గ పనేనా ఇది అన్నాను. నోటికొచ్చినవి ఇంకా చాలా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు.

"ముందు ఇంకు పూసి చూడండి. తర్వాత తిడుదువు గాని," అన్నాడు.

అక్క లేచి రోలరుతో ఇంకు పూసింది. నేను చక్రం తిప్పాను, కోపంలో అవసరమైనదానికంటే గట్టిగానే తిప్పాను. అక్క కాగితం ఒక మూల నుంచి మెల్లగా లేపింది.

దారి అలాగే ఉంది. రాళ్లు, గట్టు, ఆకాశం, దేన్నీ నాన్న ముట్టుకోలేదు. ముందున్నవాళ్లు మాత్రం లేరు. వాళ్లుండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా దారి సాగిపోయింది. అందరికంటే వెనక ఒక్క కుర్రాడు మిగిలాడు. వాడి వీపు మీది పిల్లని నాన్న అన్నిటికంటే సన్నటి ఉలితో, చొక్కా గీత చెదరకుండా తీసేశాడు. అయితే అక్క వాణ్ణి మోసేవాడిగా చెక్కింది కదా, ఆ వంగడం అలాగే ఉండిపోయింది. దాన్ని సరిచెయ్యడానికి చెక్క లేదు. వీపు మీద ఏమీ లేకుండా, చేతులు మాత్రం వెనక్కి పట్టుకుని, వాడొక్కడే వంగి నడుస్తున్నాడు. ఇప్పుడు పుస్తకం నడిమధ్యన ఉన్నది ఆ అచ్చే. లారీ దాని ముందు పేజీలో ఉంది.

గుమ్మంలో నిలబడి నాన్న చెప్పాడు. చెప్పింది చాలా కొంచెం. సామాను ఎక్కిస్తుంటే తాతయ్య పిలిచి, పక్క వీధివాళ్ల దగ్గర తెచ్చిన నిచ్చెన ఇచ్చి రమ్మన్నాడట. నిచ్చెన పెద్దది, తను చిన్నవాడు. ఈడ్చుకుంటూ వెళ్లి ఇచ్చి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు లారీ లేదు. సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత మిల్లు పనికి వెళ్లేవాళ్లు దారి వెంట పోతుంటే వాళ్ల వెనక పడ్డాడు. ఎవరో ఒకరు తినడానికి పెట్టారు. ఒంటరిగా భయం వేసినప్పుడల్లా బుజ్జి వీపు మీద ఉందనుకునేవాడట. అనుకుంటే బరువు కూడా తెలిసేదట.

"చేరాక ఏమన్నారు నాన్నా?" అని అక్క అడిగింది.

"వచ్చావా, కాళ్లు కడుక్కో అంది అమ్మ. అన్నం పెట్టింది. నాన్న నా కాళ్లు చూసి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

"మరి మాకెందుకు అందరూ నడిచారని చెప్పావు?"

"నేనొక్కణ్ణే నడిచానంటే ఎందుకని అడుగుతారు కదే. ఏం చెప్పను? మర్చిపోయారో, వదిలేశారో నాకేం తెలుసు?"

ఏదో ఒక ఓదార్పు మాట అందామని నోరు తెరిచాను. మర్చిపోయి ఉంటారులే నాన్నా అంటే ఓదార్పా? కన్నవాళ్లు మర్చిపోవడానికి ఆయనేం గొడుగా? పోనీ, చోటు చాలక వదిలి ఉంటారు, మళ్లీ వచ్చి తీసుకెళ్దామనుకుని ఉంటారు అంటే? మరి ఎవరూ రాలేదే. తాతయ్య ఆ నిచ్చెన కావాలనే పంపాడా? నాకు ఏ వైపు నుంచి చూసినా ఆయనకి తగలని మాట ఒక్కటీ దొరకలేదు. అన్ని రోజులూ, నడిస్తే ఏమిటి లారీ ఎక్కితే ఏమిటి అనుకున్నది కూడా నేనే. సిగ్గేసింది. రోలరు తుడుస్తూ నిలబడ్డాను.

నాన్న ప్రెస్సు దగ్గరికొచ్చి, ఇంకు ఆరని ఆ కాగితాన్ని అంచులు పట్టుకుని తీసుకుని, ఇంట్లోకి నడిచాడు. మేమిద్దరం వెనకే వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయాం.

అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఏంటన్నయ్యా అంది, అన్నాళ్లూ మాటలు లేవన్న సంగతే గుర్తులేనట్టు. నాన్న కాగితం ఆమె బాగున్న కంటి ముందు పట్టుకున్నాడు. ఆమె కాగితం మీదికి వంగి చూసింది.

"నువ్వే కదూ? మిగతావాళ్లం ఏరీ?"

"లారీలో ఉన్నారు."

ఆ మాట నాన్న నోట వినడం మాకు అదే మొదటిసారి. అత్త మొహం వెలిగిపోయింది. విన్నారా అన్నట్టు మా వైపు చూసింది. నేను చెప్తే ఒక్కరైనా నమ్మారా అని దెప్పింది కూడా. తర్వాత మళ్లీ బొమ్మ వైపు చూసి, కాస్త తడబడి, మరి నువ్వెందుకు కింద ఉన్నావని అడిగింది.

నాన్న మంచం అంచున కూర్చున్నాడు. కాగితం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన ఎవరినీ అంత చిన్న గొంతుతో అడగడం నేనెప్పుడూ వినలేదు.

"బుజ్జీ, నేను లేనని అమ్మ ఎప్పుడు చూసుకుంది? నీకేమైనా గుర్తుందా?"

"నువ్వు లేకపోవడమేంటి? నా పక్కనే కూర్చున్నావు కదా."

"బాగా ఆలోచించి చెప్పు."

అత్త కన్ను మూసుకుంది. నిజంగానే ఆలోచించింది, ఆమె పెదవులు కదులుతున్నాయి. కన్ను తెరిచేసరికి ఆ మొహంలో ఇందాకటి గెలుపు లేదు. అంత పెద్దావిడ నాలుగేళ్ల పిల్లలా బెదిరిపోయి ఉంది.

"దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నావన్నయ్యా. అందుకే నేను ఏడవలేదు. అది నువ్వు కాదా?"

నాన్న మోకాళ్ల మీది కాగితం వైపు చూశాడు. ఆ తర్వాత చెల్లెలి వైపు చూశాడు.

"నేనేలే బుజ్జీ," అన్నాడు.